హిమానీనదం దిగువన పాయలు నిజంగా తగ్గాయా, నా పటంలోనే తగ్గాయా?

ప్రశ్న: యశ్వంతపూర్ విద్యార్థి

నమస్కారమండీ. నేను బెంగళూరులో రిమోట్ సెన్సింగ్, అంటే ఉపగ్రహ చిత్రాల మీద పరిశోధన చేస్తున్నాను. పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో, పెన్న పక్కన. నది అనగానే నీళ్ళకంటే ముందు ఇసుక గుర్తొచ్చే మనిషిని. అలాంటి నాకు పరిశోధనాంశంగా లద్దాఖ్‌లో జంస్కార్‌లోని ఒక ఉపలోయ దక్కింది. ప్రచురణ కాలేదు కాబట్టి లోయ పేరు బయటపెట్టవద్దని మా గైడు గారు చెప్పారు. పోలిక కావాలంటే పెన్సీ లా కనుమ దగ్గర డ్రంగ్ డ్రుంగ్ హిమానీనదం నుంచి బయలుదేరే స్తోద్ నది మైదానాన్ని ఊహించుకోండి, ఇది దానికి తమ్ముడి వరస.

హిమానీనదం వెనక్కి జరిగిన మేర ఇప్పుడు దాని మూతి దగ్గర చిన్న సరస్సు ఏర్పడింది. సరస్సు నుంచి దిగువకు 6 కిలోమీటర్ల దాకా గులకరాళ్ళ మైదానం, అందులో నది అనేక పాయలుగా విడిపోతూ కలుస్తూ పారుతుంది. 1998 ఆగస్టు నాటి ల్యాండ్‌శాట్ 5 ఉపగ్రహ చిత్రాన్నీ 2022 అక్టోబరు నాటి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాన్నీ తీసుకొని, రెండింటిలోనూ ఎన్‌డీడబ్ల్యూఐ సూచికకు (ఆకుపచ్చ, సమీప పరారుణ కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే, నీటిని గుర్తించే అంకె) 0.2 అనే ఒకే హద్దు పెట్టి నీళ్ళను వేరు చేశాను. లోయకు అడ్డంగా ప్రతి 500 మీటర్లకు ఒక గీత గీసి, ఆ గీతను ఎన్ని పాయలు దాటుతున్నాయో లెక్కపెట్టాను. పాత చిత్రంలో ఒక్కో గీతకు సగటున ఐదు పాయలకు కాస్త తక్కువగా వస్తే, కొత్త చిత్రంలో రెండే వచ్చాయి. "హిమానీనదం వెనక్కి తగ్గడంతో నది పాయలు కోల్పోతోంది" అని రాసుకొని సంతోషంగా సెమినార్‌కు వెళ్ళాను. మా గైడు గారు అడిగింది ఒక్కటే మాట: "ఆ రోజు, ఆ గంటకు, నదిలో నీళ్ళెన్ని?" నా దగ్గర సమాధానం లేదు.

అక్టోబరును ఎంచుకోవడానికి కారణం మబ్బులు లేకపోవడమే. ఈ తగ్గుదలను నమ్మవచ్చా? పాలలా తెల్లగా ఉండే ఆ నీటికి ఎన్‌డీడబ్ల్యూఐ సరిపోతుందా, వేరే సూచిక వాడాలా? ఈ ఏడాది అక్కడికి వెళ్ళడానికి మహా అయితే వారం రోజులకు డబ్బు దొరుకుతుంది. ఆ వారంలో ఏం చేస్తే ఉపయోగమో కూడా చెప్పగలరు.

జవాబు: వైట్‌ఫీల్డ్ పిక్సెల్

నదిని అనుమానించే ముందు ఫైలును అనుమానించండి. మీరు వాడిన కొత్త చిత్రం 2022 అక్టోబరుది. సెంటినెల్-2 చిత్రాలను తయారుచేసే పద్ధతిని 2022 జనవరి 25న మార్చారు. ఆ తేదీ నుంచి వచ్చే ఫైళ్ళలో ప్రతి పిక్సెల్ అంకెకూ 1000 కలిపి ఉంటుంది. సూచిక కట్టే ముందు ఆ వెయ్యిని మనమే తీసివేయాలి. మీరు తీసివేశారా?

తీసివేయకపోతే ఏమవుతుందో ఒక్క పిక్సెల్ మీద చూద్దాం. బురదనీటి పాయలో ఆకుపచ్చ బ్యాండ్ విలువ 1500, సమీప పరారుణ బ్యాండ్ విలువ 1000 అనుకొందాం. తేడా 500, మొత్తం 2500, కాబట్టి ఎన్‌డీడబ్ల్యూఐ సరిగ్గా 0.2, అంటే మీ హద్దు మీదే నిలబడింది. ఇప్పుడు రెండింటికీ వెయ్యి కలపండి. తేడా 500గానే ఉంటుంది, మొత్తం మాత్రం 4500 అవుతుంది, సూచిక 0.11కు పడిపోతుంది. అదే నీరు, అదే పాయ, కానీ మీ పటంలో మాయం. లోతైన ప్రధాన పాయ ఎలాగో గట్టెక్కుతుంది, సన్నని పక్క పాయలే ముందుగా పోతాయి. మీ "రెండు పాయల" వెనుక ఈ వెయ్యి వాటా కొంత ఉండి తీరుతుందని నా అనుమానం. నేను ఇదే పొరపాటుతో ఒకసారి చెరువుల పటం గీసి, మారతహళ్ళి దగ్గర ఉన్న చెరువులో సగం ఎండిపోయిందని ఆఫీసులో ప్రకటించాను. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళే దారిలో ఆ చెరువు నిండుగా కనిపించింది. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఈ సవరణ ముందే చేసి ఉంచిన హార్మోనైజ్డ్ సంకలనం ఉంది, అది వాడితే ఈ గొడవ ఉండదు.

ఇక సూచిక సంగతి. హిమానీనదం రాతిని రుద్ది రుద్ది చేసిన పిండి నీటిలో తేలుతూ ఉండటం వల్లనే ఆ పాల రంగు. నిర్మలమైన నీరు సమీప పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది, ఆ గుణం మీదనే ఎన్‌డీడబ్ల్యూఐ ఆధారపడింది. రాతిపిండి కలిసిన నీరు మాత్రం ఆ కాంతిలో కొంత వెనక్కి పంపుతుంది కాబట్టి సూచిక విలువ తగ్గి, నీరు తడి గులకరాయిలా కనిపించడం మొదలుపెడుతుంది. సమీప పరారుణానికి బదులు స్విర్ (ఇంకా పొడవైన తరంగాల పరారుణ) బ్యాండ్ వాడే ఎంఎన్‌డీడబ్ల్యూఐ బురదనీటిని బాగా పట్టుకొంటుంది, అయితే దానికి రెండు చిక్కులున్నాయి. సెంటినెల్-2లో స్విర్ బ్యాండ్ల పిక్సెల్ 20 మీటర్లది, ఆకుపచ్చ, సమీప పరారుణ బ్యాండ్లది 10 మీటర్లే, కాబట్టి సన్నపాయలు స్విర్‌లో చెదిరిపోతాయి. రెండో చిక్కు మీలాంటి లోయలలో మరీ ప్రమాదం: ఎంఎన్‌డీడబ్ల్యూఐ సూత్రమూ, మంచును గుర్తించడానికి వాడే ఎన్‌డీఎస్‌ఐ సూత్రమూ అక్షరాలా ఒకటే. ఆకుపచ్చ నుంచి స్విర్ తీసివేసి, రెండింటి మొత్తంతో భాగించడమే రెండూ. అంటే చలికాలంలో నదీగర్భం మీద పొరలు పొరలుగా గడ్డకట్టి జూన్ దాకా కరగని మంచుపలక, ఆ పటంలో నిండు నదిలా వెలుగుతుంది. ఎంఎన్‌డీడబ్ల్యూఐ వాడండి, కానీ మంచు పూర్తిగా పోయిన ఆగస్టు చిత్రాలలో మాత్రమే.

0.2 అనే హద్దును రెండు ఉపగ్రహాలకూ ఒకటే పెట్టడం కూడా మానండి. ముందు లోయ అడుగుభాగం వరకే ఒక సరిహద్దు గీసి, దాని లోపలి పిక్సెళ్ళ మీద మాత్రమే ఓట్సు పద్ధతిలో (విలువలను రెండు గుంపులుగా బాగా విడదీసే హద్దును లెక్కతో తేల్చే పద్ధతి) చిత్రానికొక హద్దు తేల్చండి. కొండవాలును లోపల చేర్చితే నీడలు నీళ్ళుగా లెక్కకు వస్తాయి. అక్టోబరులో సూర్యుడు కిందికి దిగి ఉంటాడు కాబట్టి ఆ నీడలు మరీ పొడవు.

జవాబు: పాత సర్వేయరు

బాబూ, మీ గైడు గారు అడిగిన ప్రశ్న దగ్గరే ఆగి ఆలోచించవలసింది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో హిమాచల్‌లో లాహౌల్ వైపు చంద్రా నది ఎగువన కొన్ని వేసవులు కొలత గొలుసు, కోణాలు కొలిచే థియోడలైటు మోశాను. ఇప్పుడు జయనగర్‌లో మనవడిని బడికి దింపడమే నా సర్వే.

హిమానీనదం నుంచి వచ్చే ఏరు ఒకే రోజులో రెండు నదులు. తెల్లవారుజామున మంచు కరగడం మందగించి ఉంటుంది కాబట్టి నీరు తక్కువ. ఎండ ఎక్కాక కరిగిన నీరు మంచు అడుగున దారులు వెతుక్కొని మూతి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, దిగువకు పోయేకొద్దీ పొంగు ఇంకా ఆలస్యం. మేము ఉదయం ఏడింటికి మోకాలి లోతులో దాటిన పాయను సాయంత్రం ఐదింటికి తిరిగి దాటలేక అవతలి ఒడ్డునే, తడి బూట్లతో, ఒక గొర్రెల కాపరి రాతిగోడ చాటున రాత్రి గడిపాము. ఆ కాపరికి మా మ్యాపులేవీ తెలియవు. మంద దాటవలసింది పొద్దున్నే అన్న సంగతి మాత్రం మాకంటే బాగా తెలుసు.

సెంటినెల్-2 భూమధ్యరేఖను స్థానిక సౌరకాలం ప్రకారం ఉదయం పదిన్నరకు దాటుతుంది. జంస్కార్ మీదికి వచ్చేసరికి మన గడియారంలో పదకొండు దాటవచ్చు. మీ ల్యాండ్‌శాట్ 5 ఆ రోజుల్లో ఇంకా ముందే దాటేది. అంటే మీ రెండు చిత్రాలలోనూ సాయంత్రపు నది అసలు లేదు. నదీగర్భాన్ని చెక్కేది, గులకను మోసేది, కొత్త పాయను తెరిచేది ఆ సాయంత్రపు పొంగే. రోజులోని వేళ రెండింటికీ సుమారుగా కలిసింది, అది మీ అదృష్టం. కానీ ఆగస్టుకూ అక్టోబరుకూ మధ్య నది మనిషి చిక్కినట్టు చిక్కిపోతుంది. అక్టోబరులో రాత్రి చలికి కరుగు దాదాపు ఆగి, ఒకటి రెండు లోతైన పాయలలోనే నీరు మిగులుతుంది. ఆ నెలలో రెండు పాయలు కనిపించాయంటే నాకు ఆశ్చర్యమేమీ లేదు, అదే నది 1998 అక్టోబరులో కూడా రెండు పాయలతోనే ఉండి ఉండవచ్చు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. నీరు పెరిగేకొద్దీ పాయల సంఖ్య ఎప్పుడూ పెరుగుతూనే పోదు. మొదట ఎండిన పాయలలోకి నీరు ఎక్కి సంఖ్య పెరుగుతుంది, మరీ పొంగితే గులక మేటలు మునిగిపోయి పాయలన్నీ ఒకే పరవడిగా కలిసి సంఖ్య మళ్ళీ తగ్గుతుంది. కాబట్టి నీటిమట్టం తెలియకుండా పాయల లెక్కకు అర్థం లేదు.

అందుకని నా సలహా: ఏడాదిని ఏడాదితో పోల్చేటప్పుడు నీటిని కాకుండా నది పడకను పోల్చండి. ఈ మధ్య నీరు తాకిన గులక, లేత బూడిదరంగులో, నాచూ గడ్డీ లేకుండా శుభ్రంగా ఉంటుంది. కొన్నేళ్ళుగా నది ముట్టని గులక మీద దుమ్ము పట్టి, పొదలు మొలిచి రంగు మారుతుంది. ఆ రెండింటి మధ్య గీత మీ 10 మీటర్ల చిత్రంలో కూడా చాలాచోట్ల తెలుస్తుంది. ఆ శుభ్రమైన పట్టీ వెడల్పు ఉదయం సాయంత్రాలకు మారదు. నీటి పాయల లెక్కను అదే పక్షంలో తీసిన ఆగస్టు చిత్రాల మధ్య మాత్రమే పోల్చండి. ఒక్క జత కాదు, దొరికినన్ని సంవత్సరాలు తీసుకోండి. రెండే చిత్రాలుంటే మార్పు మెల్లగా వచ్చిందో ఒక్క రాత్రిలో వచ్చిందో తెలియదు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ ఎగువన చోరాబారి సరస్సు గట్టు తెగినప్పుడు మందాకిని దారులు మారడానికి ఏళ్ళు పట్టలేదు.

జవాబు: లంక కుర్రాడు

విషయానికి కొంచెం పక్కగా ఒక మాట. ఇలా పాయలుగా విడిపోతూ కలిసే నదికి ఇంగ్లీషులో జడతో పోల్చి పెట్టిన పేరును (బ్రెయిడెడ్ రివర్) కొందరు తెలుగులో "అల్లిన నది" అని రాస్తున్నారు, వినడానికి బుట్టలా ఉంది. జడకూ నదికీ కలిపి మనకు "పాయ" అనే మాట ఎప్పటినుంచో ఉండగా కొత్త మాట ఎందుకు? అయితే మా కోనసీమ వాళ్ళు పాయ అనగానే గౌతమి, వశిష్ఠ గుర్తుకు తెచ్చుకొంటారు, అవి వేరు. ధవళేశ్వరం దిగువన విడిపోయిన పాయలు వేర్వేరుగా సముద్రానికి పోతాయి, మధ్యలోని లంకల మీద కొబ్బరితోటలు, ఊళ్ళు ఉన్నాయి. ఇక్కడ అడుగుతున్న నదిలో పాయలు విడిపోయి మళ్ళీ కలుస్తాయి, మధ్య మేట మీద గడ్డి మొలిచేలోపే నది దాన్ని కోసేస్తుంది. సిద్ధాంతవ్యాసం తెలుగు సారాంశంలో ఈ తేడా ఒక వాక్యంలో చెబితే మేలు.

మళ్ళీ: యశ్వంతపూర్ విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే మొదటి రోజునే పిక్సెల్ గారి అనుమానం నిజమని తేలింది. వెయ్యి తీసివేయలేదు. తీసివేయగానే అదే అక్టోబరు చిత్రంలో సగటు రెండు నుంచి మూడుకు చేరింది. సెమినార్‌లో చూపిన స్లైడ్‌ను తలచుకొంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

తరువాత అక్టోబరును పూర్తిగా పక్కనపెట్టి, ఆగస్టు రెండో పక్షంలో మబ్బులేని చిత్రాలు ఏ ఏ సంవత్సరాలకు దొరుకుతాయో వెతికి, లోయ అడుగు వరకే సరిహద్దు గీసి, చిత్రానికొక హద్దు తేల్చి మళ్ళీ లెక్కపెట్టాను. సెంటినెల్ చిత్రాల పిక్సెళ్ళను ల్యాండ్‌శాట్‌లాగే 30 మీటర్లకు మార్చి కూడా ఒకసారి లెక్కించాను, లేకపోతే పాతదానిలో కనబడని సన్నపాయలు కొత్తదానిలో కనబడి పోలిక తలకిందులు అవుతుంది. ఇంత చేశాక దిగువ 4 కిలోమీటర్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు, కొన్ని గీతల దగ్గర పాయలు పెరిగాయి కూడా. అయితే సరస్సు నుంచి మొదటి 2 కిలోమీటర్లలో మాత్రం తగ్గుదల అన్ని సంవత్సరాల చిత్రాలలోనూ అలాగే నిలిచింది. సర్వేయరు గారు చెప్పిన శుభ్రమైన గులక పట్టీ కూడా అక్కడే సన్నబడింది. ఒకే నదిలో పైభాగం ఒకలా, కిందిభాగం ఒకలా ఎందుకు?

జవాబు: మొరైన్ మేస్త్రి

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది అసలైన ప్రశ్న, మొదటిదానికంటే ఇది నాకు చాలా నచ్చింది. నది పాయలుగా విడిపోవడానికి కావలసింది నీరు మాత్రమే కాదు. మోయలేనంత గులక, తేలిగ్గా కూలే ఒడ్డు, వాలు, రోజూ పెరిగి తగ్గే ప్రవాహం కలిస్తేనే నది మధ్యలో మేట వేసి, తన దారికి తానే అడ్డుపడి, రెండుగా చీలుతుంది. హిమానీనదపు మూతి నేరుగా మైదానం మీద ఉన్నంతకాలం అది తెచ్చిన రాళ్ళూ ఇసుకా నేరుగా నదిలోకే వచ్చాయి. మూతి వెనక్కి జరిగి మధ్యలో సరస్సు ఏర్పడగానే ఆ బరువంతా సరస్సు అడుగున దిగిపోతోంది. సరస్సు నుంచి బయటికి వచ్చే నీటిలో రాతిపిండి ఉంటుంది కానీ గులక ఉండదు. మోయడానికి సరుకు లేని నీరు తన పడకనే కోసుకొంటుంది. పడక కిందికి దిగితే పక్క పాయలు ఎత్తున ఎండిపోయి మిగులుతాయి, నీరంతా ఒకే లోతైన దారిలో చేరుతుంది. మీ మొదటి 2 కిలోమీటర్ల కథ ఇదే అయి ఉండాలి.

మరి దిగువన ఎందుకు కాలేదంటే, ఒక్కసారి మీ చిత్రంలో రెండో కిలోమీటరు తరువాత పక్కకొండల నుంచి దిగే ఉపనదులూ అవి లోయలోకి దిగేచోట పరిచే విసనకర్ర ఆకారపు మేటలూ ఎక్కడున్నాయో చూడండి. ఉంటే ఆ ఉపనదులు గులకను మళ్ళీ అందిస్తున్నాయి, పైన కోసుకొన్న సరుకు కూడా అక్కడికే చేరుతోంది. అందుకే అక్కడ పాయలు నిలిచాయి.

నిర్ధారణకు ఎత్తుల పటాల మీద ఆశ పెట్టుకోకండి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులను నేటి ఉచిత ఎత్తుల పటాల నుంచి తీసివేసి చూస్తే, అటువంటి లోయలో వచ్చే పొరపాటే మీరు వెతికే రెండు మూడు మీటర్ల కోత కంటే ఎక్కువ. దానికి బదులు పాత పాయల అంచులు మెట్లలా నిలిచాయేమో వెతకండి. కోత నిజమైతే ఆ మెట్లు సరస్సు దగ్గర ఎత్తుగా మొదలై దిగువకు పోయేకొద్దీ పొట్టిగా మారి కనుమరుగవుతాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) నుంచి మన ఉపగ్రహాల లిస్-4 కెమెరా తీసిన 5.8 మీటర్ల పిక్సెల్ చిత్రం సంపాదిస్తే కొన్ని మెట్ల నీడలు కనబడవచ్చు, మిగతావి కాళ్ళతోనే చూడాలి.

అడ్డగీతల ఎడం కూడా సరిచేయండి. 500 మీటర్లకొకటి చాలదు. 2008లో ఎగోజీ, ఆష్‌మోర్ ఈ లెక్కల పద్ధతులన్నిటినీ పోల్చి, గీతల మధ్య ఎడం నది సగటు తడి వెడల్పును మించకూడదనీ, కొలిచే భాగం ఆ వెడల్పుకు కనీసం పదిరెట్లు పొడవుండాలనీ సూచించారు. మీ పైభాగాన్నీ కిందిభాగాన్నీ రెండు వేర్వేరు భాగాలుగా తీసుకొని ఆ ప్రకారం చేయండి, రెండింటినీ కలిపి ఒక్క సగటు ఎప్పుడూ ఇవ్వకండి.

ఇంకొక్క జాగ్రత్త. వెనక్కి తగ్గే హిమానీనదం పాయలను తగ్గించడమే కాదు, నదినే ఇంకో లోయకు మళ్ళించగలదు. 2016 మేలో కెనడాలోని యూకాన్‌లో కాస్కావుల్ష్ హిమానీనదం మూతి దగ్గర కరిగిన నీరు కొత్త దారి కోసుకోవడంతో స్లిమ్స్ నదికి వెళ్ళే నీరు చాలా వరకు అటు మళ్ళింది, క్లువానీ సరస్సు మట్టం పడిపోయింది. ఐస్‌లాండ్‌లో 2009లో స్కైదరా నది పక్క నదిలోకి మారిపోయి, 1974లో దాని మీద కట్టిన పొడవైన వంతెన కింద దాదాపు ఏమీ మిగలలేదు. మీ సరస్సుకు రెండో వైపు పల్లపు దారి ఏదైనా ఉందా అన్నది చూసుకోండి. ఉంటే నీరే తగ్గి పాయలు తగ్గి ఉండవచ్చు, అప్పుడు కోత వాదన నిలవదు.

మళ్ళీ: యశ్వంతపూర్ విద్యార్థి

రెండో దారి లేదండీ, సరస్సుకు మిగిలిన వైపులా హిమానీనదం పేర్చిన ఎత్తైన రాళ్ళ గట్టే (మొరైన్). విసనకర్ర మేటలు మాత్రం రెండున్నాయి, మొదటిది సరస్సు నుంచి 2.1 కిలోమీటర్ల దగ్గర. అది చూసి మా గైడు గారు మొదటిసారి తల పంకించారు. ఆగస్టు చివరి వారానికి ప్రయాణం ఖాయమైంది. డ్రోన్‌కు అనుమతి రాలేదు, కాబట్టి మెట్ల ఎత్తులు టేపుతో, జీపీఎస్‌తో కొలవాలి. ఆ వారంలో నీటిమట్టం ఎలా నమోదు చేయాలో సర్వేయరు గారు చెబుతారా?

జవాబు: పాత సర్వేయరు

మంచిది. పరికరం ఏదీ అక్కర్లేదు. ప్రధాన పాయ ఒడ్డున పొంగుకు దొర్లని పెద్ద బండ ఒకటి చూసుకొని, దాని మీద రంగుతో పది సెంటీమీటర్లకొక అడ్డగీత గీయండి. ఉపగ్రహం దాటే రోజులు ముందే చూసుకొని, ఆ రోజుల్లో తెల్లవారుజామున ఒకటి, సరిగ్గా అది దాటే గంటకు ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి, ఒకే చోట నిలబడి ఫోటోలు తీయండి. ఆ రోజు చిత్రంలోని పాయల లెక్క పక్కన ఏ గీతదాకా నీరుందో రాయండి. మీ గైడు గారి ప్రశ్నకు అదే జవాబు. బండ మీద తడి మరక పైఅంచు కూడా రాసుకోవాలి, క్రితం సాయంత్రం నీరు ఎంతదాకా వచ్చిందో అది చెబుతుంది. బూట్లు రెండు జతలు తీసుకెళ్ళండి. గీతలకు రంగు బెంగళూరులోనే కొనుక్కొని వెళ్ళండి, ఎర్రది కొనండి. మేము తెల్లరంగు తీసుకెళ్ళి మోసపోయాము, ఆ బూడిదరాళ్ళ మధ్య ఫోటోలో గీతలు కనబడనే లేదు.